మూడో దినం చెప్పిన మాట

“రాజమ్మా, కూడు తింటివా?”

“తింటిని. నువ్వు?”

“ఆకలి లేదు. మంగమ్మ నీతో మాట్లాడిందా?”

“లేదు.”

“నేను ఏమి చేయాలి, చెప్పు.”

“ఏమీ చేయొద్దు. నువ్వు చేసింది చాలు, నేను చేసింది చాలు. ఫోన్ పెట్టు.”

పెట్టేసింది. చివర్లో ఆమె నేర్చుకున్న కొంచెం తెలుగులో మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరు మాటలు అవే. ఆమె జర్మనీలో, నేను తమిళనాడు కోవిల్‌పట్టిలో. ఆ తర్వాత ఆరు వారాలకు ఆమె చనిపోయిందని కబురు వచ్చింది.

ఆమె పేరు హెల్గా. మా నోటికి ఎల్గమ్మ. వాళ్ళ దేశంలో పెద్ద పత్రికల మనిషి, ఆ పైన నవలలు రాసి గొప్ప పేరు తెచ్చుకున్నది. ఆమె ఈ పక్కకు వచ్చినప్పుడల్లా ఊళ్ళు చూపించి, ఆడవాళ్ళతో మాట్లాడించి, వాళ్ళు చెప్పింది తిరిగి చెప్పడం నా పని. పదిహేనేండ్లకు పైగా చేశాను. ఇప్పుడు మా ఊళ్ళలో చదువుకున్న ఆడపిల్లలు టీవీ వాళ్ళకు, బయటి దేశాల పత్రికల వాళ్ళకు ఇదే పని చేస్తున్నారు. మొన్న ఒక పిల్ల వచ్చి “అవ్వా, ఈ పని ఎట్ల చేయాల?” అని అడిగింది. ఆ పిల్లకు నోటితో చెప్పలేక పంపేశాను. అందుకే ఇది.

నాకు తమిళంలో సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు, అంతే. తెలుగు మాట్లాడతాను గాని ఆ అక్షరం ఒకటి కూడా తెలియదు. నేను చెపుతుంటే మా మరిది కోడలు సుజాత రాస్తున్నది. ఆమె చిత్తూరు పిల్ల, తెలుగు బడిలో చదివింది. నా మాటలు కొంచెం సరిచేసి రాస్తానంది. సరిచెయ్యి గాని కలపొద్దు అని చెప్పాను. కలపడం ఎంత పని చేస్తుందో తర్వాత చెపుతాను.

ఆమె ఎట్లా వచ్చింది

మా ఆయన అగ్గిపెట్టెల కంపెనీలో మందు కలిపేవాడు. ఊపిరి చెడి, మూడేండ్లు దగ్గి, పోయాడు. నేను అదే కంపెనీకి ఇంట్లో కూర్చొని పుల్లలను చట్రంలో ఒక్కొక్కటిగా గుచ్చి ఇచ్చేదాన్ని. ఎల్గమ్మ అట్లాంటి విధవలను వెతుక్కుంటూ వచ్చింది. ఆమెతో విరుదునగర్ సారు ఒకాయన ఉన్నాడు. కాలేజీలో పాఠం చెప్పి రిటైరైనవాడు. తమిళం, ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు రాదు. మా ఊరి ముసలివాళ్ళు దుఃఖం వచ్చినా కోపం వచ్చినా తెలుగులోకి దిగిపోతారు. అప్పుడు సారు తెల్లమొహం వేసేవాడు. నేను పక్కన ఉండి తమిళంలో అందించాను. సాయంత్రం ఎల్గమ్మ నా చెయ్యి పట్టుకొని, రేపు కూడా రమ్మన్నది.

అట్లా మొదలైంది. ఎట్టయాపురం, విళాత్తికుళం, కయత్తారు, నల్లరేగడి ఊళ్ళన్నీ తిరిగాము. ఆ ఊళ్ళోవాళ్ళు నాకు తెలుగులో చెపుతారు, నేను సారుకు తమిళంలో, సారు ఆమెకు ఇంగ్లీషులో. ఆమె దాన్ని జర్మనీ మాటలో రాసుకుంటుంది. ఇన్ని చేతులు మారి పోయిన మాట ఎవరిదో ఎవరికి తెలుస్తుంది అనుకునేదాన్ని.

ఆమె బతుకు గురించి నాకు తెలిసింది

బస్సు కోసం కాచుకున్నప్పుడు ఆమె సారు నోటి ద్వారా తన బతుకు చెప్పేది. ఆమె పుట్టిన ఊరు యుద్ధంలో సగం కూలిపోయిందట. ఆ ఇటుకల కుప్పల మీదే ఆడుకున్నదట. తల్లి రొట్టెల అంగడిలో పని చేసేది. తండ్రి యుద్ధం నుంచి తిరిగొచ్చి, అక్కడ ఏం జరిగింది, తాను ఏం చేశాడు అన్నది ఒక్క మాట చెప్పలేదు. ఈమె అడుగుతూనే ఉండేది. ఆయన చెప్పకుండానే పోయాడు. “మా నాయన నోరు మూసుకున్నందుకే నేను అడగడం నేర్చుకున్నాను” అనేది.

పత్రికలో మొదట చావు కబుర్లు, వాన కబుర్లు రాసే పని. తర్వాత పెద్ద వారపత్రికలో చేరి దేశాలు తిరిగింది. పెండ్లి నిలవలేదు, పిల్లలు లేరు. యాభై దాటాక నవల రాస్తే అది అక్కడ రైలు స్టేషన్లలో కూడా గుట్టలు పోసి అమ్మారట. ఒకసారి ఫోన్లో ఫోటో చూపించింది. అంగడి ముందు వానలో గొడుగులు పట్టుకొని జనం వరసగా నిలబడి ఉన్నారు. “ఇది మీ ఊరి కథ కోసం” అన్నది. ఆ ఫోటో చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్పకపోతే ఇది అబద్ధమవుతుంది. రేషన్ అంగడిలో నన్ను నెట్టేసే జనం ఉన్న ఊళ్ళో పుట్టి, మా మాట కోసం తెల్లవాళ్ళు వానలో తడుస్తున్నారంటే నాకు తల తిరిగింది.

ఆమె పని చేసే పద్ధతి

ఇది నేర్చుకోదగ్గదే. ఎదుటివాళ్ళ ముందు ఆమె పుస్తకం తెరవదు. చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఒలుస్తుంది, మిరపకాయల తొడిమలు తీస్తుంటే తీస్తుంది. మొదటి దినం చెప్పింది రాసుకోదు. రెండో దినం మళ్ళీ పోయి అదే అడుగుతుంది. అది సగం రాసుకుంటుంది. “మొదటి దినం నాకు చెప్పాలనుకున్నది చెపుతారు. రెండో దినం తమకు తాము చెప్పుకుంటారు. మూడో దినం నిజం చెపుతారు” అనేది.

కయత్తారు పక్కన గాలిమరల కోసం భూమి ఇచ్చిన ఒక పెద్దాయన రెండు దినాలు నవ్వుతూ అంతా బాగుందన్నాడు. మూడో దినం ఆమె ఏమీ అడగలేదు, ఊరికే కూర్చున్నది. ఆయనే కండువాలో మొహం పెట్టుకొని ఏడ్చాడు. ఆ పద్ధతికి నేను దండం పెట్టాను.

మొదటి తప్పు

ఎల్గమ్మ మొదట పత్రికకు రాసింది నవల కాదు, నిజం. అగ్గిపెట్టెల కంపెనీ ఇంటింటికీ పని పంచి, ఇండ్లలో చిన్న పిల్లల చేత కూడా చేయిస్తున్నదని రాసింది. అందులో అబద్ధం లేదు, నేనే చెప్పాను. అది అక్కడ అచ్చయ్యాక కంపెనీవాళ్ళు మా ఊరికి పని పంపడం ఆపేశారు. ఒక పంటకాలం మొత్తం ఆడవాళ్ళ చేతులు ఖాళీ. కుళాయి దగ్గర నేను బిందె పెడితే పక్కకు జరిపేవాళ్ళు.

“ఏమ్మే రాజీ, నీ తెల్లామెకి ఈ దినం ఏం కత పెడ్తివి?”

“దానికేం, దొరసాని చెవి అది. మన ఇంట్లో కుండ పగిలినా జర్మనీలో ఇనిపిస్తాది.”

అప్పుడు నా పక్షాన మాట్లాడింది ఒక్కతే, మంగమ్మ. నాకు వరసకు వదిన. పెండ్లయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఒకే అరుగు మీద కూర్చొని పుల్లలు గుచ్చినవాళ్ళం. “ఉన్నది చెప్పింది. లేంది చెప్పిందా? ఏలా దాని మీద పడతారు?” అని అందరినీ అరిచి నా బిందె ముందుకు తోసింది.

ఆమె పేరు మంగమ్మ కాదు. పేరు మారిస్తే చాలదని నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. అయినా ఏదో ఒక పేరు పెట్టాలి కదా.

రెండో తప్పు

మేము ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో, బస్సులో, పోలీసు స్టేషన్లో, ఆసుపత్రిలో అంతా తమిళమే. తెలుగు పొయ్యి దగ్గరిది, పసిపిల్లలది, ఎద్దులను అదిలించేది, మొగుడూ పెండ్లాల కొట్లాటది. మాకు తెలిసి మా ఊళ్ళో దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ చదవలేదు. అందుకని తెలుగులో చెప్పింది గడప దాటదని మాకొక నమ్మకం. ఆ నమ్మకం ఎవరూ నేర్పింది కాదు. ఊపిరి లాగా ఉండేది.

ఎల్గమ్మ నవల కోసం వానలు లేని ఏండ్ల గురించి అడుగుతూ మంగమ్మ ఇంటికి వచ్చింది. మంగమ్మ తమిళంలో మర్యాదగా జవాబులు చెప్పింది. ఏం తిన్నారు, ఎక్కడికి కూలికి పోయారు, అట్లాంటివి. ఇంతలో సారుకు ఫోన్ వస్తే బయటికి పోయాడు. ఎల్గమ్మ గోడకు ఆనుకొని కూర్చున్నది. అప్పటికి ఆమెకు వచ్చిన తెలుగు రా, పో, చాలు, తింటివా, అంతే. మంగమ్మకు ఆమె ఆ గోడతో సమానం. నా మణికట్టు పట్టుకొని తెలుగులోకి దిగింది.

“రాజీ, ఆ ఏడు ఒకటి జరిగింది. నా కడుపులోనే పెట్టుకొంటిని. నా బిడ్డకి తెలీదు, తెలియకూడదు. నీకి చెప్పేస్తే నాకి బరువు దిగుతాది.”

చెప్పింది. అదేమిటో ఇక్కడ చెప్పను. ఆ పుస్తకంలో ఉంది కదా అంటారు. ఉంది. దాన్ని నేను వెనక్కి తెచ్చుకోలేను. మళ్ళీ నా నోటి నుంచి మాత్రం రానివ్వను.

ఎల్గమ్మకు మాట అర్థం కాలేదు గాని నా మొహం చూసింది. తిరిగి వస్తుంటే బస్సులో సారు చేత అడిగించింది. “ఏమీ లేదు, ఇంటి గొడవలు” అన్నాను. మరునాడు అడిగింది. “అది నాకు చెప్పింది, మీకు కాదు” అన్నాను. ఆమె తల ఊపింది, కోపగించుకోలేదు. మూడో దినం సారుతో వచ్చి నా ఇంట్లో కూర్చొని, నేను చింతపండు పిసుకుతుంటే చూస్తూ, ఏమీ అడగలేదు.

చెప్పేశాను. కయత్తారు పెద్దాయన మీద ఆ పద్ధతి పని చేసినప్పుడు దండం పెట్టినదాన్ని, నా మీద పని చేస్తున్నదని నాకు తట్టనే లేదు.

సారు మంచివాడు. ఇంగ్లీషులోకి మార్చే ముందు ఆగాడు. “రాజమ్మా, దీన్ని రాయొచ్చా?” అని అడిగాడు. “పేరు మార్చి రాయమనండి సార్. జర్మనీలో మమ్మల్ని ఎవరు ఎరుగుదురు?” అన్నది నేనే. అంతటితో ఆగానా, లేదు. ఎల్గమ్మ ఎప్పుడూ “నీ కన్ను మంచిది, చిన్న చిన్న గుర్తులు పట్టుకుంటావు” అని మెచ్చుకునేది. ఆ మెప్పు కోసం మంగమ్మ ఒంటి మీద ఉన్న ఒక గుర్తు, అది ఎట్లా వచ్చిందో, అదీ కలిపి చెప్పాను. ఆమె అడగలేదు. నేనే కలిపాను. ఆ గుర్తు ఇక్కడ చెప్పకూడదు కాబట్టి నాది చెపుతాను: నా ఎడమ చెవి తమ్మె తెగి రెండు పాయలుగా ఉంటుంది. ఎవరి పేరు పెట్టి, ఏ ఊరిదని రాసినా, ఆ చెవి రాస్తే మా వీధిలో పసిబిడ్డ కూడా ఇది రాజమ్మ అంటుంది. అట్లాంటి గుర్తు.

విరుదునగర్‌లో ఆ సాయంత్రం

ఆ నవల జర్మనీలో అమ్ముడుపోయింది, ఇంగ్లీషులోకి వచ్చింది, ఆ తర్వాత తమిళంలోకి వచ్చింది. తమిళంలోకి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. సారు చెప్పినప్పుడు కూడా నాకు భయం పుట్టలేదు. గర్వం పుట్టింది. విరుదునగర్‌లో ఒక కల్యాణ మండపంలో సభ పెట్టారు, ఎల్గమ్మ కూడా వచ్చింది. నన్ను వేదిక మీదికి రమ్మన్నారు. నాకు తోడుగా నేను ఎవరిని తీసుకుపోయాననుకున్నారు?

మంగమ్మను.

“ఏమ్మే, ఈ చీర బాగుండాదా?” అని బస్సులో మూడుసార్లు అడిగింది. “నా ఆడబిడ్డకి శాలువా కప్పుతారంట” అని పక్క సీటామెకు చెప్పింది. అదే ఊళ్ళో బడి టీచరుగా ఉన్న ఆమె కూతురు బడి వదలగానే సంచీతోనే వచ్చి తల్లి పక్కన కూర్చున్నది. మూడో వరుసలో ఇద్దరూ.

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మంచి గొంతు ఉన్న ఒక అమ్మాయి లేచి, పుస్తకంలో అందరూ మెచ్చిన అధ్యాయం చదువుతాను అన్నది. రెండో వాక్యానికే నాకు తెలిసిపోయింది. వానలు లేని ఏడు. ఆ ఇల్లు. మా అరుగు మీద, మా తెలుగులో, నా మణికట్టు పట్టుకొని చెప్పిన మాట మైకులో తమిళంలో వస్తున్నది.

నేను లేచి ఆ అమ్మాయి చేతిలో పుస్తకం లాక్కోవలసింది. కళ్ళు తిరిగినట్టు కింద పడిపోయి ఉండవలసింది. ఏదో ఒకటి చేయాల్సింది. భుజాల మీద శాలువా ఉంది, ముందు అంతమంది ఉన్నారు, కదలకుండా కూర్చున్నాను. ఇది రాసుకో సుజాతా, సరిచేయకుండా రాసుకో. కదలకుండా కూర్చున్నాను.

గుర్తు దగ్గరికి వచ్చింది. కూతురు తల తిప్పి తల్లిని చూసింది. ఎక్కడ చూసిందో నాకు తెలుసు. మంగమ్మ కొంగు లాగి దాన్ని కప్పుకున్నది. అట్లా కప్పుకోకపోయి ఉంటే ఆ పిల్లకు అనుమానంగా మిగిలేదేమో. కప్పుకోవడంతో రూఢి అయిపోయింది. అధ్యాయం అయిపోయింది, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎల్గమ్మ కళ్ళు తుడుచుకున్నది. కూతురు సంచీ తీసుకొని వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో మంగమ్మ కిటికీ పక్కన కూర్చున్నది. సాత్తూరులో దోసకాయలు అమ్మేవాళ్ళు బస్సు పక్కకు వచ్చారు. “దోసకాయ తింటావా వదినా?” అని అడిగాను. ఆ సమయంలో మనిషి నోటికి ఏమి వస్తుందో చూడండి. ఆమె నా వైపు చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కోవిల్‌పట్టిలో దిగి నన్ను చూడకుండా నడిచిపోయింది.

ఆ తర్వాత

మరునాడు సారు చెపితే ఎల్గమ్మకు తెలిసింది. మదురైకి పోవలసినది కారు వెనక్కి తిప్పించుకొని వచ్చింది. మంగమ్మ కాళ్ళు పట్టుకుంటానన్నది. నేను దారికి అడ్డం నిలబడ్డాను.

“పేరు మార్చాను. ఊరు మార్చాను. కూతురిని నర్సును చేశాను” అన్నది సారు నోటి ద్వారా. “ఆమెను తక్కువ చేసి రాయలేదు. నా పుస్తకంలో ఆమె ఎప్పటికీ బతికి ఉంటుంది.”

“ఈడ బతకాల కదమ్మా” అన్నాను.

ఆమె అచ్చాఫీసు వాళ్ళకు ఫోన్ చేసి, తమిళ పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తే ఆ అధ్యాయం తీసేయమని చెప్పింది. అమ్ముడుపోయినవి ఇండ్లలోనే ఉన్నాయి కదా. నెల తిరక్కముందే మా ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు.

కూతురు తల్లి ఫోన్ ఎత్తడం మానేసింది. మంగమ్మ ఇంటికి తాళం పెట్టి విరుదునగర్ పోయి ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు చేరింది. ఎందుకంటే కూతురు బడికి పోయే దారి ఆ గేటు ముందు నుంచే. పొద్దున్నే గేటు లోపల నిలబడి, ఆ పిల్ల పోయేది చూసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుందట. ఆ పిల్ల అటు తిరగదట.

నేను ఒకసారి పోయాను. వాచ్‌మన్ పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“యారు వేణుం?” అన్నది. తమిళంలో, ఎవరు కావాలి అని.

“నేనే వదినా, రాజీని.”

ఆమె నన్ను చూస్తూనే వాచ్‌మన్‌తో తమిళంలో అన్నది, ఈ అమ్మ ఎవరో నాకు తెలియదు, ఎవరి కోసమో వచ్చినట్టుంది, పంపించు అని. లోపలికి పోయింది. కొట్టి ఉంటే తిరిగి వచ్చేదాన్ని. తిట్టి ఉంటే మళ్ళీ మళ్ళీ పోయేదాన్ని. మా మధ్య ఎన్నడూ లేని తమిళంలో మాట్లాడింది. ఇంక నేను ఎక్కడికని పోవాలి?

ఎల్గమ్మ చనిపోయాక వాళ్ళ పత్రికలు పెద్ద పెద్ద వ్యాసాలు వేశాయి. సారు ఇంగ్లీషులో వచ్చినది ఒకటి చదివి తమిళంలో వినిపించాడు. కూలిన ఊరు, రొట్టెల అంగడి, చావు కబుర్ల పని, తిరిగిన దేశాలు, అమ్ముడుపోయిన పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. అన్నిటిలోకి గొప్పదని ఆ అధ్యాయాన్నే రాశారు. ఆమె మనుషుల మౌనాన్ని వినగలిగింది అని రాశారట. నేను సారును ఆపమన్నాను.

ఆమె చెడ్డది కాదు. చెడ్డది అని చెప్పగలిగితే నాకు కొంచెం సులువుగా ఉండేది. నన్ను మనిషిగా చూసిన మొదటి మనిషి ఆమె. మా ఆయన ఫోటోకు దండ వేసింది. ఆమె అడగడం ఆమె పని, ఆ పనిలో ఆమె దిట్ట. మూయడం నా పని. అది నా పని అని నాకు ఎవరూ చెప్పలేదు, నాకు నేనుగా తెలుసుకోలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకు

నాకు తెలిసింది ఒక్కటే. ఎదుటి మనిషి తమిళం వదిలి ఇంటి మాటలోకి దిగిందంటే ఆమె పత్రికతో మాట్లాడటం లేదు, నీతో మాట్లాడుతున్నది. అప్పుడే చెయ్యి అడ్డం పెట్టి చెప్పాలి: “అక్కా, నేను పనిలో ఉండాను. ఇప్పుడు చెప్పొద్దు.” అంతే. నేను ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మంగమ్మ ఈ దినం కూతురి ఇంట్లో కూడు తింటూ ఉండేది. చెప్పలేదు. మణికట్టు పట్టుకుంటే సంతోషపడి విన్నాను. మీకు కూడా సంతోషంగానే ఉంటుంది. దాన్నే నమ్మొద్దు.

ఇది చదివి ఎవరైనా బాగుపడతారా అంటే, నాకు నమ్మకం లేదు. మంగమ్మకు మాత్రం ఒరిగేది ఏమీ లేదు.

సుజాత కలం ఆపింది.

“పెద్దత్తా, ఒకటి అడగనా? కూతురు టీచరని రాశాను. విరుదునగర్ హాస్టల్ అని, బడికి పోయే దారి గేటు ముందరే అని రాశాను. ఉంచేదా?”

నేనే చెప్పానా అదంతా? గేటు సంగతి కూడా? చెప్పే ఉంటాను. దుఃఖం వస్తే తెలుగులోకి దిగిపోయి, తెలుగే కదా అని చెప్పుకుంటూ పోయాను. ఇది కూడా రేపు అచ్చులోకి పోయేదే కదా.

సుజాతా, ఇంక రాయొద్దు. మొదటి నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు. ఆమె కనబడిన చోటల్లా ఆపు, అది మార్చి రాద్దాం.